చప్పిడి పథ్యం

గిద్దలూరు,
18 ఫిబ్రవరి 2024.

అక్కకు,

శ్రీహరి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆచారం కాబట్టి రాశాననుకో. నిజానికి నేను క్షేమమో కాదో నాకంటే నంద్యాల డాక్టరుకే బాగా తెలుసు. నా నెత్తురు పరీక్ష కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి.

ఇంటింటికీ ఫోన్లు ఉండగా ఈ ఉత్తరాలేందని పోస్టుమాన్ కూడా నవ్వుతున్నాడు. పోయిన ఎండాకాలం నాకు జబ్బు పైకెక్కినప్పుడు ఆ ఫోన్‌తో చేసిన ఘనకార్యాలు అతనికేం తెలుసు? గిద్దలూరు నుంచి హైదరాబాదు దాకా నా పేరు మీద బట్టల షాపులు తెరుస్తున్నానని కనపడిన నంబరుకల్లా చెప్పాను. ఒక మిషన్ తొక్కేవాణ్ణి, డజను కుట్టుమిషన్లకు ఆర్డరు పెట్టాను. నిద్ర లేదు, మందు బాటిలు మాత్రం ఉంది. పావని మా గోపికను తీసుకుని కంభంలో పుట్టింటికి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు రెండు షరతులు పెట్టింది. మాత్ర మానకూడదు. ఫోన్ నా చేతిలో ఉండకూడదు. రెండూ ఒప్పుకున్నాను. నీకు కూడా కోడలి ముందు ఫోన్లో ఈ రోగాల మాటలు ఇష్టం ఉండదు కదా. అందుకే కాగితం.

మాత్ర పేరు లిథియం. పని చేస్తోంది, కాదనను. బుర్ర నేల మీద ఉంది. కానీ చెయ్యి సన్నగా వణుకుతోంది అక్కా. జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీత గీస్తే పాము పోయినట్టు పోతోంది. సూదిలో దారం గోపికతో ఎక్కించుకుంటున్నాను. డాక్టరును అడిగితే, "సన్న వణుకు ఉంటది, భయం లేదు. ముదిరితే మాత్రం ఆగొద్దు, వెంటనే రా" అన్నాడు. పైగా దాహం. కడవ నీళ్లు నా ఒక్కడికే చాలడం లేదు. ఒళ్లు వచ్చింది, నా చొక్కాలు నేనే విప్పి కుట్టుకుంటున్నాను. మూడు నెలలకోసారి రైలెక్కి పోయి నెత్తురు ఇచ్చి రావాలి.

నీ మాత్ర చూస్తే నాకు అసూయగా ఉంది. రోజుకొక్కటి, పెసరబద్దంత. నెత్తురు పరీక్ష లేదు, వణుకు లేదు. నువ్వు మంచం దిగడం లేదని, తల దువ్వుకోవడం లేదని బావ మా గుమ్మంలో కూర్చుని ఏడ్చిన రోజు నాకు గుర్తుంది. అలాంటిదానివి ఇప్పుడు అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు చెబుతున్నావు. నీదీ మనసు జబ్బే, నాదీ మనసు జబ్బే. ఒకే తల్లి కడుపున పుట్టాం. నీ మాత్ర నాకెందుకు పనికిరాదు? ఒక అట్ట పంపించు. పావనికి తెలియనివ్వకు.

యల్లయ్య బావకు, ఆయన గొర్రెలకు నా నమస్కారాలు.

నీ తమ్ముడు
శ్రీహరి


తర్లుపాడు,
6 మార్చి 2024.

తమ్ముడు శ్రీహరికి,

అక్క గోవిందమ్మ దీవెనలు. అట్ట పంపడం లేదు. ముందే చెప్పేస్తే కవరు దులిపి చూసుకోకుండా ఉంటావని ఇక్కడే రాస్తున్నాను.

నాకు మాత్రం ఆశ లేకనా? మొన్న మార్కాపురం పోయినప్పుడు నా డాక్టరును అడిగాను. నీ సంగతంతా చెప్పాను, దాచలేదు. ఆయన నెమ్మదిగా చెప్పాడు. "నీది వేరే జబ్బు, మీ తమ్ముడిది వేరే జబ్బు తల్లీ. నువ్వు కిందికి పోతావు, అంతే. అతను కిందికీ పోతాడు, పైకీ పోతాడు. నీ మాత్ర కింద పడిన మనిషిని లేపుతది. అతనికి అదొక్కటే ఇచ్చినామనుకో, లేపి ఆపదు, ఇంకా పైకి తీసకపోతది. పోయిన ఎండాకాలం మళ్లీ కావాల్నా? అతని మాత్ర రెండు వైపులా పోకుండా పట్టుకుంటది" అన్నాడు. ఇంటికొచ్చి మీ బావకు చెబితే ఆయనకు ఒక్క ముక్కలో అర్థమైంది. "నీది బాయిలో పడిన గొర్రెకు తాడేసి లాగే మాత్ర. శ్రీహరిది గుంజకు కట్టేసే మాత్ర" అన్నాడు. కాబట్టి గుంజ దగ్గరే ఉండు.

నా మాత్ర పేరు ఎస్సిటాలోప్రామ్. పేరు నోరు తిరగదు గాని మంచిదే. అయితే నాకు తగ్గింది మాత్రతోనే అని నువ్వు అనుకుంటున్నావు. సగమే నిజం. మొదటి పది రోజులూ నాకు కడుపులో తిప్పడం, వాంతులు, ఉన్న జబ్బు ఇంకా ఎక్కువైనట్టు. డాక్టరేమో పథ్యం ఏమీ అక్కర్లేదు, అన్నీ తినమన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. అమ్మ ఏమనేది? మందు మింగేది నోరు, పని చేయించేది పథ్యం. నాయనకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు పసరు పోయించి, చప్పిడి కూడు పెట్టి మనిషిని నిలబెట్టింది. నువ్వు అప్పటికి ఉయ్యాల్లో ఉన్నావు. నేనూ అట్లే చేశాను. ఉప్పు, పులుపు, కారం అన్నీ కట్. మండలం రోజులు బీరకాయ ఉడకేసుకుని చప్పిడి అన్నం తిన్నాను. ఆ మండలం చివర ఒకరోజు పొద్దున గొర్రెలు అరుస్తుంటే నాకు చిరాకు వేయలేదు. తగ్గిందని అట్ల తెలిసింది.

నీకు చెయ్యి వణుకుతోందంటే నోరు కట్టుకోకుండా మందు వేసుకుంటున్నావన్నమాట. చింతకాయ పచ్చడి లేనిదే ముద్ద దిగని రకం నువ్వు. మందు ఒంటికి పట్టకపోతే ఒంటి మీద తిరగబడుతుంది. ఆలోచించుకో.

పావనిని, గోపికను అడిగానని చెప్పు.

అక్క
గోవిందమ్మ


గిద్దలూరు,
24 మార్చి 2024.

అక్కకు,

నన్ను గుంజకు కట్టిన బావకు ప్రత్యేకంగా నమస్కారాలు. ఆ మాట పావనికి చెబితే చాలా రోజుల తరువాత పళ్లు కనపడేలా నవ్వింది.

నిన్న నంద్యాల పోయి నెత్తురు ఇచ్చి వచ్చాను. మందు సరిగ్గా ఎంత ఉండాలో అంతే ఉందట. నీ పథ్యం సంగతి అడిగాను. డాక్టరు నా వైపు గుడ్లురిమి చూశాడు. "ఉప్పు తగ్గించొద్దు. మామూలుగా ఎంత తింటావో అంతే తిను. ఎండాకాలం వస్తాంది, నీళ్లు ఇంకా తాగు. ఈ మందు కూడా ఒక రకం ఉప్పే, తెలుసునా?" అన్నాడు. ఎందుకని అడుగుదామనుకునే లోపల తరువాతి మనిషిని లోపలికి పిలిచారు. బయట తిరునాళ్లలా జనం. మనసు జబ్బులు మన ఇంట్లోనే ఉన్నాయనుకున్నాను గాని జిల్లా మొత్తం ఆ బెంచీల మీదే ఉంది.

కాబట్టి పథ్యం లేదు. పచ్చడి ఉంది.

ఒక మంచి కబురు. గోపిక చదివే బడి వాళ్లు యూనిఫాంలు మళ్లీ నాకే ఇస్తామన్నారు. పోయినేడు నేను పైకెక్కి ఉన్నప్పుడు ఆ బడి పిల్లల నిక్కర్లకు బంగారు రంగు దారంతో పూలు కుట్టానట. అయినా ఇస్తామన్నారంటే పావని పోయి వాళ్ల కాళ్లు పట్టుకుని ఉంటుంది. నాకు చెప్పదు. ఈసారి ఇది సరిగ్గా చేసి ఇస్తే నేను మళ్లీ మనిషినైనట్టే. చేయకపోతే ఇక ఈ ఊళ్లో నాకు గుడ్డ ఇచ్చేవాళ్లు ఉండరు. అందుకే ఈ వణుకు నన్ను తినేస్తోంది. పిల్లల చొక్కాకు కాజా కుట్టాలంటే చెయ్యి నిలబడాలి కదా. ఏం చేయాలో చెప్పు. మాత్ర మానను, అది మాత్రం ఒట్టు.

తమ్ముడు
శ్రీహరి


తర్లుపాడు,
11 ఏప్రిల్ 2024.

తమ్ముడు శ్రీహరికి,

దీవెనలు. మొన్న ఉగాది పచ్చడి చేస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. చిన్నప్పుడు వేపపువ్వు ఏరి నా ఆకులో పడేసేవాడివి. ఎండకు ఇక్కడ బోర్లన్నీ మూతి ముడుచుకున్నాయి. మీ బావ మందను తోలుకుని గుండ్లకమ్మ ఏటి వైపు పోయాడు. వానలు పడితే గాని రాడు. ఇంట్లో నేను, కోడలు, ఒక కుంటి మేక.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డాక్టరు మాటలో అసలు సంగతి నీకు తట్టలేదు, నాకు తట్టింది. మందే ఉప్పయితే ఇంక కూట్లో ఉప్పెందుకురా? ఒంట్లో రెండు ఉప్పులు చేరితే చెయ్యి వణకక ఏం చేస్తుంది? దాహం వేయక ఏం చేస్తుంది? ఉప్పు చేప తిన్నవాడికి దాహం వేస్తుందని పసిపిల్లలకు కూడా తెలుసు. కూట్లో ఉప్పు తీసేయ్, మందులో ఉప్పు దాని పని అది చేసుకుంటుంది.

డాక్టర్లు వద్దనే అంటారు. నాకూ మా డాక్టరు వద్దనే అన్నాడు. వాళ్ల చదువులో పథ్యం లేదు. నేను విననందుకే లేచి తిరుగుతున్నాను. నీ మేలు నాకంటే ఆ నంద్యాల ఆయనకు ఎక్కువ తెలుసా?

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు. మొదట్లో కడుపు చెడ్డా, ఒళ్లు ఎదురు తిరిగినా భయపడి మధ్యలో వదలొద్దు. నాకూ అట్లే అయింది. జబ్బు పోయేముందు ఒకసారి కాలు తన్నుతుంది. మండలం నిండితే అంతా సర్దుకుంటుంది. బళ్లు తెరిచేనాటికి నీ చెయ్యి నిలబడుతుంది.

పావని ఒప్పుకోకపోతే డాక్టరే చెప్పాడని చెప్పు. మంచికి ఆడే అబద్ధంలో పాపం లేదు.

అక్క
గోవిందమ్మ


గిద్దలూరు,
5 మే 2024.

అక్కకు,

నీ మాట ప్రకారం పోయిన నెల మధ్య నుంచి పథ్యం చేస్తున్నాను. డాక్టరే చెప్పాడని పావనికి చెప్పాను. పాపం నమ్మింది. నా ఒక్కడికే విడిగా చిన్న గిన్నెలో వండుతోంది. ఆ కూడు తింటుంటే గోడకు పోస్టర్లంటించే మైదా పిండి నాకినట్టుంది. పచ్చడి జాడీని మాత్రం పావని నా కంటపడకుండా అటక మీద పెట్టేసింది.

వణుకు తగ్గలేదు. ఉన్నమాట చెప్పాలంటే ఎక్కువైంది. గ్లాసు ఎత్తితే నీళ్లు చొక్కా మీద పడుతున్నాయి. నాలుగు రోజులుగా విరేచనాలు. తిన్నది నిలవడం లేదు. నడుస్తుంటే నేల కొంచెం పక్కకు జరిగినట్టుంటుంది. నువ్వు చెప్పావు కదా, పోయేముందు కాలు తన్నుతుందని. అదే అనుకుని ఓర్చుకుంటున్నాను. మాత్ర ఒక్కటి కూడా మానలేదు.

స్టేషను ఎదురుగా మన దుకాణం రేకుల కింద కూర్చుంటే మనిషి వడియం అయిపోతాడు. పైగా ఎలక్షన్ల మైకులు. అన్ని పార్టీల వాళ్లూ కండువాలు కుట్టమని వచ్చారు. అంచు కుట్టడమే కదా అని తీసుకున్నాను. వంకర వచ్చాయి. మెడలో వేసుకుంటే కనపడదులే అని ఇచ్చేశాను. వాళ్లకు చూసే తీరిక లేదు. యూనిఫాంల గుడ్డ వచ్చింది. ఇంకా కత్తెర పెట్టలేదు. చెయ్యి నిలిచాక మొదలుపెడతాను.

ఇంతే రాయగలిగాను. పెన్ను జారిపోతోంది.

తమ్ముడు
శ్రీహరి


తర్లుపాడు,
12 మే 2024.

శ్రీహరికి,

నీ ఉత్తరం చదవడానికి నాకు రెండు పూటలు పట్టింది. అక్షరాలా అవి? మా అంగన్‌వాడీ పిల్లలు పలక మీద అంతకంటే బాగా గీస్తారు. గుండ్రంగా ముత్యాల్లా రాసేవాడివి.

ఆ రాత చూసి నా మనసు ఊరుకోలేదు. అంతలో అంకయ్య వచ్చాడు, మన గొర్రెలు బేరం చేస్తాడు చూడు, ఆయన. గిద్దలూరులో నిన్ను చూశాడట. "మీ తమ్ముడు స్టేషను కాడ గోడ పట్టుకోని నడస్తా ఉండాడు అక్కా. పలకరిస్తే నాలిక మడత పడతా ఉంది. పట్టపగలు అట్ల తాగితే ఎట్ల?" అని అడిగాడు. కోడలి ముందు అడిగాడు. నా తల ఎక్కడ పెట్టుకోను?

మళ్లీ మొదలుపెట్టావా? పోయినేడు కూడా ఇట్లే మొదలైంది. మాత్ర మీద తాగితే మాత్ర ఏం చేస్తుంది, పథ్యం ఏం చేస్తుంది? నేల జరుగుతోందని నాకే కథలు రాస్తున్నావు. పావని ఈసారి కంభం పోతే తిరిగి రాదు. గోపికకు ఊహ తెలిసింది, తండ్రి గోడలు పట్టుకుని నడిస్తే ఆ పిల్ల బడికి ఏ మొహంతో పోతుంది?

విరేచనాలకు పలచని గంజి కాచి తాగు. ఉప్పు తగలనివ్వకు, తగిలితే ఇన్ని రోజుల పథ్యమూ మట్టిపాలు. అమ్మ మీద ఒట్టేసి మందు బాటిలు ముట్టనని రాసి పంపు. అప్పటిదాకా నాకు కబుర్లు రాయొద్దు.

గోవిందమ్మ


గిద్దలూరు,
19 మే 2024.

అక్కా,

తాగలేదు. అమ్మ మీద ఒట్టు. తాగలేదు.

పావని కూడా నోరు వాసన చూసింది. వాసన లేదు. అయినా నమ్మలేదు. నువ్వూ నమ్మలేదు. నువ్వు చెప్పినట్టే తింటున్నాను. చప్పగా తింటున్నాను. గంజి కూడా చప్పగా.

గోపిక నడుం కొలత తీశాను. రెండుసార్లు తీశాను. రెండూ వేరు వచ్చాయి. గుడ్డ తప్పు కోశాను. ఒక చొక్కాకు రెండు ఎడమ చేతులు వచ్చాయి.

మండలం నిండడానికి ఇంకా ఎన్నో లేవు. మాత్ర మానలేదు. అన్నీ వేసుకున్నాను.

ఈ ఉత్తరం పావనికి ఇవ్వను. నేనే పోయి పెట్టెలో వేస్తాను. నడవగలను.

శ్రీహరి


గిద్దలూరు,
14 జులై 2024.

అక్కకు,

ఈ ఉత్తరం పావని చూడకుండా వారం రోజులుగా రాస్తున్నాను, పోస్టుమాన్ చేతికే ఇస్తాను. పెన్ను ఆగడం లేదని పెన్సిల్ పట్టాను. అక్షరాలు గుమ్మడికాయల్లా ఉన్నాయని నవ్వుకో, పర్వాలేదు.

పోయిన ఉత్తరం పోస్టాఫీసు పెట్టెలో వేశాను. మెట్లు దిగుతూ పడ్డాను. తరువాత నాకేమీ తెలియదు. నా ఉత్తరం కంటే పావని ఫోనే నీకు ముందు చేరిందట కదా. కర్నూలు ఆస్పత్రిలో నువ్వు, బావ నా మంచం పక్కన నిలబడడం లీలగా గుర్తుంది. పలకలేదని అనుకోకు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. నోరు తిరగలేదు.

నెత్తురు మిషన్‌లో పెట్టి కడిగారు. ఒంట్లో లిథియం ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు పేరుకుందట. తెలివి వచ్చాక ఒక డాక్టరమ్మ నా దగ్గర కూర్చుని విడమరచి చెప్పింది. కూట్లో ఉప్పు లేకపోతే కిడ్నీలు భయపడి ఒంట్లో ఉన్న ఉప్పును బయటికి పోనీయవట. లిథియం కూడా వాటి కంటికి ఉప్పులాగే కనపడుతుందట. దాన్నీ పట్టేసుకున్నాయి. పైన ఎండ, విరేచనాలు. నేనేమో రోజూ తప్పకుండా మాత్ర వేసి ఇంకా పోస్తున్నాను. మానొద్దన్నదాన్ని మానలేదు, మానకూడనిదాన్ని మానేశాను. నీ మాత్ర వేసుకుంటూ నువ్వు చప్పిడి తింటే నోరు చప్పబడింది, అంతే. నా మాత్ర అట్లాంటిది కాదు.

మెదడు వెనక భాగం దెబ్బ తిన్నదట. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు, ఏడాది చూడాలన్నారు. గోడ పట్టుకుని దొడ్డి దాకా పోగలను. మిషన్ మీద కాలు పెడితే నేను ఒకటి అనుకుంటే అది ఒకటి తొక్కుతుంది. కిడ్నీలు చెడ్డాయి కాబట్టి లిథియం ఇక ఇవ్వరు. బావతో చెప్పు, నా గుంజ పోయింది. ఇంకో మాత్ర కట్టారు. ఆ తాడు ఎంత గట్టిదో రాబోయే ఎండాకాలం తెలుస్తుంది. నాకు భయంగా ఉంది అక్కా. చేతులు పోయినందుకు కంటే దానికే ఎక్కువ భయంగా ఉంది.

యూనిఫాంల గుడ్డ బడివాళ్లు వెనక్కు తీసుకున్నారు. గోపిక పోయినేటి లంగాకే అంచు విప్పుకుని పోతోంది. పావని చేత్తో కుట్టి ఇచ్చింది. నేను చూడలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. "ఉప్పు మానేయమని ఎవరు చెప్పినారు?" అని డాక్టరమ్మ అడిగింది. పావని అక్కడే ఉంది. డాక్టరు చెప్పాడని అంతకుముందు నేనన్న అబద్ధం అప్పటికే బయటపడింది. త్రిపురాంతకం పోయినప్పుడు గుడి దారిలో ఒక పసరు వైద్యుడు చెప్పాడన్నాను. నిజమనిపించడానికి ఆయనకు తెల్ల గడ్డం కూడా పెట్టాను. నీ ఉత్తరాలు పావని కంటపడకూడదని అప్పుడే చింపి పారేశాను. నువ్వు నోరు తెరవొద్దు. తెరిస్తే ఆ బాధకు నువ్వు మళ్లీ మంచం ఎక్కుతావు. ఇద్దరిలో ఒకరమన్నా నిలబడాలి కదా.

పావని ఆ గడ్డం ఆయన కోసం రెండుసార్లు త్రిపురాంతకం పోయి వచ్చింది. కనపడిన వాళ్లనల్లా అడిగిందట. ఇప్పుడు పోవడం లేదు. ఎక్కడికీ పోవడం లేదు. "నా చేత్తో నేనే వండి పెట్టినా" అని ఒకటే మాట. వంటింట్లో ఉప్పు డబ్బా ముందు అట్లే నిలబడిపోతుంది. జడ వేసుకోవడం లేదు. గోపిక పిలిస్తే రెండోసారికి గాని పలకదు. ఆస్పత్రి తిప్పలకు అలసిపోయి ఉంటుంది.

తమ్ముడు
శ్రీహరి


తర్లుపాడు,
4 ఆగస్టు 2024.

పావనికి,

వదిన గోవిందమ్మ రాస్తున్నది. నీకు నేను విడిగా ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. గోపిక బడికి పోయాక, ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

త్రిపురాంతకం ఇక పోవద్దు తల్లీ. నువ్వు వెతికే మనిషి అక్కడ లేడు. తర్లుపాడులో ఉంది. నేనే.

శ్రీహరి నా కోసం ఆ గడ్డం మనిషిని పుట్టించాడు. ఉప్పు మానేయమన్నది నేను. నంద్యాల డాక్టరు వద్దన్నాడని వాడు రాస్తే, డాక్టర్లకేం తెలుసని తిరిగి రాసింది నేను. నీకు అబద్ధం చెప్పమని నేర్పింది కూడా నేనే. చేతులు వణుకుతున్నాయని, నేల పక్కకు జరుగుతోందని వాడు రాస్తే తాగావని తిట్టాను. నువ్వు వండిపెట్టింది నా వంట. చెయ్యి నీది, అంతే.

నేను అంగన్‌వాడీ టీచరును. పిల్లలకు విరేచనాలైతే ఉప్పు, చక్కెర కలిపిన పొట్లాలు తల్లుల చేతిలో పెట్టి, నీళ్లలో కలిపి తాపమ్మా, పిల్ల ఎండిపోతుంది అని రోజూ చెబుతాను. వాడికి చప్పిడి గంజి తాగమని రాసిన రోజు ఆ పొట్లాల పెట్టె నా పక్కనే ఉంది. దాని మీద కాగితం పెట్టుకునే ఆ ఉత్తరం రాశాను. ఇది తలచుకుంటే నాకు కూడు సహించడం లేదు. మాత్ర మింగబుద్ధి కావడం లేదు. పది రోజులైంది, మానేశాను. మీ అన్నయ్యకు తెలియదు.

వాడు చెప్పొద్దన్నాడు. నా కోసమే చెప్పొద్దన్నాడు. నేనూ నోరు మూసుకునే ఉందామనుకున్నాను, అంత మంచిదాన్నేమీ కాదు. కానీ నువ్వు జడ వేసుకోవడం లేదని, పిలిస్తే పలకడం లేదని రాశాడు. వాడు అలసట అనుకుంటున్నాడు. అది అలసట కాదు పావనీ. నేను అట్లే మొదలయ్యాను. చెయ్యని తప్పు నెత్తిన పెట్టుకుని నువ్వు ఆ బాయిలో దిగుతుంటే నేను గట్టు మీద కూర్చుని చూడలేను. ఆ తప్పు నాది. నాకు ఇచ్చేయ్.

డాక్టరుకు చూపించుకో. ఆలస్యం చేయకు. ఏ మందు, ఏ తిండి అని మాత్రం నేను చెప్పను. నీకే కాదు, ఈ జన్మలో ఎవరికీ చెప్పను.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టి రాయి. వాడికి చెప్పాలో వద్దో నీ ఇష్టం.

గోవిందమ్మ


గిద్దలూరు,
25 ఆగస్టు 2024.

వదినకు,

మీ ఉత్తరం అందింది. ఆ రోజు ఆయన నిద్రలో ఉంటే పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు. మొదటిసారి చదివినప్పుడు ఏమీ అర్థం కాలేదు. రెండోసారి వంటింట్లో కింద కూర్చుని చదివాను.

ఆ వైద్యుడు కనపడితే ఏం చేయాలో నేను ముందే అనుకుని పెట్టుకున్నాను. గుడి ముందు నలుగురిలో చెప్పుతో కొట్టాలనుకున్నాను. ఆ కోపం ఒక్కటే నన్ను లేపి బస్సెక్కించేది. ఇప్పుడు అది కూడా లేకుండా చేశారు. మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియడం లేదు. క్షమించానని రాయలేను. అబద్ధాలు ఈ ఇంట్లో ఇప్పటికే ఎక్కువయ్యాయి.

నంద్యాల పోయి చూపించుకున్నాను. మీరు వేసుకునే మాత్రే రాశాడు. పథ్యం ఏమన్నా ఉందా అని అడిగాను. లేదన్నాడు. మళ్లీ అడిగాను. మళ్లీ లేదన్నాడు. నేను లేవకపోయేసరికి, "ఏందమ్మా, నమ్మకం లేదా?" అన్నాడు. మీ పేరు నోటి దాకా వచ్చింది, చెప్పలేదు. ఇంటికొచ్చి ఉప్పు వేసుకునే తింటున్నాను. ప్రతి ముద్దకూ మీరు గుర్తొస్తున్నారు.

నాకు నిజం తెలిసిందని మీ తమ్ముడికి చెప్పలేదు. చెప్పను కూడా. మిమ్మల్ని కాపాడానని ఆయన అనుకుంటున్నారు. చేతులు పోయిన మనిషికి ఈ ఒక్క పని మిగిలింది. దాన్ని తీసుకోను.

మీరు మాత్ర మానేశానని రాశారు. ఈ పూటే వేసుకోండి. నాకు కోపం పోయిందని కాదు. పోస్టుమాన్ వచ్చే వేళకు ఆయన గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడతారు. మీ ఉత్తరం లేని రోజు అక్కడే నిలబడి ఉంటారు, నేను పోయి తీసుకురావాలి. మీకేమన్నా అయితే ఆ మనిషిని గుమ్మంలోంచి లోపలికి తేవడం నా వల్ల కాదు.

నాకు మళ్లీ రాయకండి. ఆయనకు రాయండి. అన్నయ్య గొర్రెల సంగతి రాయండి. మీ అంగన్‌వాడీ పిల్లల పాటలు రాయండి, ఆయన చదివి నవ్వుకుంటారు. తిండి సంగతి, మందుల సంగతి మాత్రం రాయకండి.

పావని